పెన్నిక్విక్ అను పేరు

మన సంఘమువారు ఉగాది సంచికకు చరిత్ర సంబంధమైన వ్యాసమొకటి వ్రాయుమని అడిగినప్పుడు నేను కొంత వెనుకాడినాను. నా చదువు మెట్రిక్యులేషనుతో ఆగినది. ఉద్యోగము రైల్వేలో గుమాస్తాగిరి. శాసనములు చదివి వ్యాఖ్యానించువాడను కాను. నా సంకోచము చూచి కార్యదర్శిగారు నవ్వి, "రోజుకు వందల పేర్లు మీ చేతిమీదుగా పోవును గదా. ఏదో ఒక పేరును గురించియే వ్రాయండి" అన్నారు. ఆ మాటతో నాకొక పేరు జ్ఞాపకమునకు వచ్చినది. మన కంబం లోయలో తప్ప మరెక్కడనైనా బిడ్డలకు ఆ పేరు పెట్టగా నేను వినలేదు.

కొన్నియేండ్ల క్రిందట నేను టిక్కెట్ల రిజర్వేషను కౌంటరులో కూర్చున్నప్పుడు ఒక ఫారము నా చేతికి వచ్చినది. అందులో మొదటి పేరు మామూలుగానే ఉన్నది. రెండవ పేరు "పెన్నిక్విక్, వయస్సు 9" అని ఉన్నది. తేక్కడి చూడవచ్చిన విదేశీయుల పిల్లవాడు కాబోలుననుకొని తల యెత్తి చూచితిని. ఎదుట పంచె కట్టుకొన్న డెబ్బది యేండ్ల రైతు, ఆయన వ్రేలు పట్టుకొని నొసట నామముతో ఒక నల్లని బాలుడు. పేరు సరిగా వ్రాసినారా అని అరవములో అడిగితిని. ఆయన నాకు బదులు చెప్పక, మనుమని వైపు తిరిగి, "ఈయనకు మన వైపు సంగతి తెలియదు కాబోలురా" అని తెలుగులో అన్నాడు.

"తెలుసు పెద్దయ్యా, నాదీ చిన్నమనూరే" అన్నాను.

"తెలిసి అడుగుతావేమి నాయనా? మా తాతనాడు ఆ చేను వానను నమ్ముకొన్న మెట్ట. ఇప్పుడు రెండు పంటల మడి. నీళ్లు తెచ్చినవాని పేరు మనుమనికి పెట్టుకొన్నాము. తప్పా?"

వెనుక వరుసలోని వారు తొందర పెట్టినారు. నేను టిక్కెట్టు ఇచ్చి పంపివేసినాను. కాని ఆయన అడిగిన "తప్పా?" అను ప్రశ్న నన్ను విడువలేదు. ఈ పేరు ఎక్కడిది, దాని అర్థమేమి, మన తెలుగు ఇండ్లలోనికి ఎట్లు వచ్చినది అని దొరికినంతవరకు చదివి, పెద్దలను అడిగి, తెలిసికొన్నదానిని ఇక్కడ వ్రాయుచున్నాను.

మొదట చెప్పవలసినది, ఇది అసలు వ్యక్తి పేరు కాదు, ఇంటిపేరు. మనకు ఊళ్లనుబట్టి ఇంటిపేర్లు వచ్చినట్లే స్కాట్లండు దేశమునను ఊళ్లనుబట్టి ఇంటిపేర్లు వచ్చినవి. ఆ దేశపు రాజధాని ఎడింబరోకు దక్షిణముగా సుమారు 10 మైళ్ల దూరములో నార్త్ ఎస్క్ అను ఏటి ఒడ్డున ఒక చిన్న పట్టణము కలదు. దాని పేరే ఈ ఇంటిపేరునకు మూలము. ఆ ప్రాంతమునకు ఇంగ్లీషు రాకపూర్వము, నేటి వేల్సు భాషకు దగ్గరి చుట్టమైన ఒక పాతభాష అక్కడ వాడుకలో నుండెను. ఆ భాషలో "పెన్" అనగా తల, శిఖరము, కొండ. "కోగ్" అనగా కోకిల. "పెన్ ఇ కోగ్" అనగా కోకిలకొండ అని పండితులు అర్థము చెప్పినారు.

పాఠకులు ఒక్కక్షణము ఆలోచింపుడు. మన పాలమూరు సీమలో కోయిలకొండ అను ఊరును, పాతకోటయు ఉన్నవి. పెన్నిక్విక్ అను ఇంటిపేరును తెలుగు చేసినచో సరిగా కోయిలకొండవారు అని వచ్చును. వారి కోకిలయు మన కోయిలయు ఒకే జాతి పక్షి కాదు, ఒకే కుటుంబములోనివి. రెండును వసంతమునకు గుర్తులే. అక్కడి కోకిల చలికాలము ఆఫ్రికాలో గడపి వసంతమున మరలివచ్చును. రెండును తమ గ్రుడ్లను పరుల గూళ్లలోనే పెట్టును. ఉగాదికి కోయిల కూత వినవలెనని కోరుకొను మనకు ఈ పేరు అంత పరాయిది కాదు.

ఉచ్చారణ సంగతి కూడ చెప్పవలెను. మన లోయలో చదువుకొన్నవారు "పెన్నిక్విక్" అందురు. పొలములో పనిచేయువారు "పెన్నికుక్" అందురు. చదువురానివారు పేరు పాడుచేసినారని నేను చిన్నతనములో అనుకొనెడివాడను. విచారింపగా ఆ స్కాట్లండు ఊరివారు తమ ఊరి పేరును పలుకునది "పెనికుక్" అనియే. అక్షరములు చూచి పలికిన మనమే తప్పుచున్నాము, చెవితో పట్టినవారు సరిగా పట్టినారు.

ఇక ఆ పేరు గల మనిషి సంగతి. జాన్ పెన్నిక్విక్ 1841 వ సంవత్సరము జనవరి 15 న పూనాలో పుట్టినాడు. తండ్రి సైన్యములో బ్రిగేడియరు. 1849 జనవరి 13 న పంజాబులోని చిలియన్‌వాలా యుద్ధములో తండ్రియు, అన్న అలెగ్జాండరును ఒకే దినమున మరణించిరి. అప్పటికి ఈ బాలునికి ఎనిమిదేండ్లు ఇంకను నిండలేదు. తరువాత ఇంగ్లండులోని అడిస్కోంబులో సైనిక ఇంజనీరు విద్య చదివి, 1858 లో మదరాసు ఇంజనీర్ల దళమున లెఫ్టినెంటుగా చేరి, 1860 లో ఇండియాకు వచ్చినాడు. 1868 లో అబిసీనియా దండయాత్రకు పోయి వచ్చినాడు. ఇంతవరకు ఆనాటి దొరలందరి జీవితములవంటిదే ఈయన జీవితమును. మన లోయకు ఆయన సంబంధము 1882 నుండి.

పెరియారు నదిని తూర్పునకు త్రిప్పవలెనను ఆలోచన ఆయనది కాదు. 1789 నాటికే రామనాథపురము సేతుపతి రాజుగారి ప్రధాని ముత్తిరులప్ప పిళ్ళై ఈ ఆలోచన చేసినాడు. ధనము చాలక అది ఆగినది. 1808 లో కాల్డ్‌వెల్ అను ఇంజనీరు చూచి, ఇది సాధ్యము కాదని వ్రాసినాడు. 1850 లో చిన్న కట్ట పని మొదలుపెట్టిరిగాని, ఆ జ్వరాల అడవిలో పనిచేయుటకు కూలివారు ఎక్కువ కూలి అడుగగా అదియు నిలిచిపోయినది. తరువాత 1862 మొదలు రైవ్స్ అను మరియొక ఇంజనీరు కొలతలు తీసినాడు. అంతలో 1876 మొదలు 1878 వరకు దక్షిణ దేశమును దహించిన మహాక్షామము వచ్చినది. వైగై ఎండిపోయినది. పడమటి కొండలకు ఆవల పెరియారు నిండుగా పారి అరేబియా సముద్రములో పడుచుండగా, కొండలకు ఈవల మనుష్యులు అన్నము లేక చచ్చిరి. అప్పటికిగాని ప్రభుత్వమునకు ఈ పథకము మరల జ్ఞప్తికి రాలేదు.

1882 లో ఆ పని పెన్నిక్విక్‌కు అప్పగించిరి. 1884 లో ఆయన లెక్కలు మంజూరైనవి. ఆనకట్ట చోటు తిరువాన్కూరు రాజ్యములో నుండుటచే, 1886 అక్టోబరు 29 న మహారాజావారితో ఒడంబడిక జరిగినది. 8,000 ఎకరముల భూమి, ఎకరమునకు 5 రూపాయల కౌలు, గడువు 999 సంవత్సరములు. 1887 లో పని మొదలైనది. సున్నము, ఇటుకపొడి కలిపిన సుర్కీతో కట్టిన రాతికట్ట. అడుగునుండి 176 అడుగుల ఎత్తు, సుమారు 1,200 అడుగుల పొడవు. కట్ట వెనుక నిలిచిన నీటిని కొండను తొలిచిన 5,704 అడుగుల సొరంగముగుండా తూర్పునకు తెచ్చి, మన సురుళియాటిలో కలిపి, అక్కడినుండి వైగైకి పంపవలెను. పడమటికి పోవు నదిని తూర్పునకు త్రిప్పుట అనగా ఇదియే.

వరదలు కట్టిన పనిని ఒకసారి కాదు, పలుమారులు కొట్టుకొనిపోయినవి. ఏనుగులు, చలిజ్వరములు, తెగని వానలు. రాళ్లను, సున్నమును కొండమీదికి చేర్చుటయే ఒక యుద్ధము. ఎనిమిదేండ్లకు పని ముగిసి, 1895 అక్టోబరు 10 న మదరాసు గవర్నరు వెన్‌లాక్ ప్రభువు నీటిని విడిచినాడు. పెన్నిక్విక్ మరుసటి యేడే స్వదేశమున కూపర్స్‌హిల్ ఇంజనీరింగు కళాశాలకు అధ్యక్షుడై, 1899 వరకు ఆ పని చేసి, 1911 మార్చి 9 న కేంబర్లీ అను ఊర మరణించినాడు.

ఆయన తన ఆస్తినంతయు అమ్మి ఈ కట్టను పూర్తిచేసినాడని మన లోయలో ప్రతి ఇంటను చెప్పుకొందురు. నేనును చిన్నప్పుడు విన్నాను. చరిత్ర వ్రాయునపుడు నిజము చెప్పవలెను గనుక చెప్పుచున్నాను. కట్టకు ధనము పెట్టినది మదరాసు ప్రభుత్వము. అనగా ఆ ధనము రైతులు కట్టిన శిస్తే. ఆస్తి అమ్మిన కథ ప్రజలు తమ కృతజ్ఞతకు తొడిగిన అలంకారము. ఆ కథ తీసివేసినను ఆయన శ్రమకు తరుగు లేదు.

ఇప్పుడు అసలు సంగతికి వత్తును. మేలు చేసినవారు లోకమున చాలమంది. వారికి విగ్రహములు కట్టుదురు, వీధులకు పేర్లు పెట్టుదురు. బిడ్డలకు పేరు పెట్టుట వేరు. మన ఆచారమును చూడుడు. మొదటి మగబిడ్డకు తండ్రితండ్రి పేరు పెట్టుదుము. అరవమున మనుమని "పేరన్" అందురు. పెయర్ అనగా పేరు. మనుమడనగా తాత పేరు మోయువాడని అర్థము. కనుక ఈ సీమలో ఒక బిడ్డకు ఒకరి పేరు పెట్టినారనగా ఆ మనిషిని ఇంటి తాతల వరుసలో చేర్చినారన్నమాట. టిక్కెట్టు కౌంటరు వద్ద ఆ ముసలి రైతు చేసినది అదియే. ఎన్నడు చూడని, కులము మతము దేశము కలియని ఒక మనిషిని తన పితరులలో కలుపుకొన్నాడు.

ఇందులో ఒక వేడుకయు కలదు. మన ఇండ్లలో కోడలు మామగారి పేరు నోట పలుకదు. అందుచే తాత పేరు పెట్టిన పిల్లవానిని చిట్టి అనియో బుజ్జి అనియో వేరొక పేరుతో పిలుచును. అసలు పేరు బడి రిజిస్టరులోనే ఉండును. పెన్నిక్విక్‌కు ఈ చిక్కు లేదు. తాతయే గాని ఏ కోడలికిని మామ కాడు. కనుక తల్లులు వీధి చివరివరకు వినబడునట్లు నోరారా పిలువవచ్చును.

ఇట్టి పని మనవారు చేయుట ఇదియే మొదలు కాదు. దీనికి నూరేండ్లకు ముందే రాయలసీమలో జరిగినది. సర్ థామస్ మన్రో, ఆయనయు స్కాట్లండువాడే, గ్లాస్గోలో 1761 లో పుట్టినవాడు, 1800 నుండి 1807 వరకు కడప, బళ్లారి, అనంతపురము, కర్నూలు ప్రాంతములు గల దత్తమండలములకు ప్రధాన కలెక్టరుగా ఉండెను. ఊరూర డేరా వేసి, భూములు కొలిపించి, నడుమనున్న పాళెగాండ్రను తప్పించి, రైతుతోనే శిస్తు మాటాడుకొను రైత్వారీ పద్ధతిని స్థిరపరచినాడు. తరువాత మదరాసు గవర్నరై, 1827 జూలై 6 న పత్తికొండలో కలరాతో మరణించినాడు. మాండవ్య ఋషియే మరల పుట్టినాడని ఆ సీమ ప్రజలు చెప్పుకొనిరి. మగబిడ్డలకు మన్రోలప్ప అనియు, ఆడబిడ్డలకు మన్రోలమ్మ అనియు పేర్లు పెట్టుకొనిరి.

ఈ రెండు పేర్లలోని తేడా గమనింపదగినది. రాయలసీమవారు మన్రో అను పేరునకు "అప్ప", "అమ్మ" చేర్చి, దానిని తమ నోటికి సరిపడ తెలుగు పేరు చేసికొనిరి. తెలియనివారు విన్నచో మన్రోలప్ప ఏదో గ్రామదేవత పేరనుకొందురు. మన లోయవారు పెన్నిక్విక్‌ను మార్చక ఉన్నదున్నట్లు ఉంచినారు. ఆయన క్రింద పనిచేసిన లోగన్ అను ఇంజనీరు పేరునకు మాత్రము "దురై" చేర్చి లోగన్‌దురై అని పిల్లలకు పెట్టినారు. మన దొరయే అరవమున దురై.

గోదావరి ప్రాంతమున సర్ ఆర్థర్ కాటన్ దొర 1847 నుండి 1852 వరకు ధవళేశ్వరము ఆనకట్ట కట్టించినాడు. అక్కడివారు ఆయనకు ఊరూర విగ్రహములు నిలిపినారు, అపర భగీరథుడన్నారు. నీరు తెచ్చినవానిని, శిస్తు న్యాయము చేసినవానిని తెలుగువాడు మరువడు. ఒకచోట విగ్రహము, ఒకచోట బిడ్డ పేరు.

మన లోయలో ఈ పేరు వాడుక ఎట్లు పెరిగినదో కొంచెము చెప్పెదను. కూడలూరు దిగువనున్న లోయర్ క్యాంపు మొదలు పళనిచెట్టిపట్టి వరకు 14,707 ఎకరములు ఈ నీటితో రెండు కారుల వరి పండును. ఆ నీటి దారిలోనే మన చిన్నమనూరును ఉన్నది. ఇండ్లలో దేవుని పటముల ప్రక్క మీసాల దొర పటము ఒకటి ఉండుట ఈ వైపు వింత కాదు. ఆయన పుట్టిన జనవరి 15 సంక్రాంతి దినములలో వచ్చుటచే, పాలార్పట్టి మొదలైన ఊళ్లలో ఆయన పేరనే పొంగలి పెట్టుదురు. కేరళతో ఆనకట్ట వివాదము ముదిరి 2011 డిసెంబరులో లోయ అంతయు వీధిలోనికి వచ్చిన పిదప ఈ పేరు ఇంకను ఎక్కువగా వినవచ్చినది. 2013 జనవరి 15 న లోయర్ క్యాంపులో ఆయనకు మణిమండపము వెలసినది. తేని బస్సుస్టాండుకు ఆయన పేరే పెట్టినారు. 2022 లో తమిళనాడు ప్రభుత్వమువారు ఆయన చనిపోయిన కేంబర్లీలో విగ్రహము నిలిపినారు. ఇప్పుడు అంగడికి, ఆటో వెనుకకు, హోటలుకు కూడ ఆ పేరే. అయినను బిడ్డలకు పెట్టుట ఇంకను అరుదే. ఒక తరగతిలో ఇద్దరు పెన్నిక్విక్‌లు ఉన్నట్లు నేను ఎరుగను.

ఇక్కడ రెండు మాటలు మనసులోనుంచుకొనవలెను. ఆనకట్ట దిగువను కేరళలో నివసించువారికి ఆ పాతకట్టను చూచిన భయము కలుగుట సహజము. సుప్రీంకోర్టు 2014 మే 7 న 142 అడుగుల వరకు నీరు నిలుపవచ్చునని తీర్పు చెప్పినది. ఒకరికి దేవుడైన పేరు మరియొకరికి దిగులు కాగూడదు. ఈ పేరును పగకు జెండా చేయుట ఆ పేరునకే తగదు. రెండవది, ఆ కట్టను కట్టిన చేతులు ఆయనవి మాత్రమే కావు. కొండమీద రాళ్లు మోసి, జ్వరములతో, విషూచితో చనిపోయిన కూలివారు వందలకొలది. వారి గోరీలు కట్ట దగ్గరనే ఉన్నవి. వారిలో ఒక్కరి పేరైనను మనము ఏ బిడ్డకును పెట్టలేదు. పెట్టుటకు ఆ పేర్లు మనకు తెలియవు. మేలు చేసినవారిలో వ్రాతలో నిలిచిన పేరే పేరైనది.

ఈ మాట వ్రాయుచున్నప్పుడు నా సొంత ఇంటి సంగతి చెప్పక తప్పదు. రెండేండ్ల క్రిందట నాకు రెండవ కుమారుడు కలిగినాడు. పేరు పెట్టు దినమున పెద్ద చర్చ జరిగినది. మా మామగారికి ఈ నీటిక్రింద కొంచెము మడి కలదు. ఆయన పెన్నిక్విక్ అని పెట్టవలెనన్నారు. మా అమ్మకు అది నచ్చలేదు. మా పెద్దవానికి ఏదో క్రొత్తపేరు పెట్టితిమి గనుక, రెండవవానికైనను చనిపోయిన మా నాయన పేరు రావలెనని ఆమె పట్టు.

"పరాయివాని పేరు పెట్టితే మనవారి పేరు ఎవరు మోస్తారు అన్నయ్యగారూ?" అన్నది అమ్మ.

"పరాయివాడు తెచ్చిన నీళ్లతో పండిన అన్నమే గదా వదినగారూ రోజూ తినేది" అన్నారు మామగారు.

ఇద్దరి మాటయు నిజమే. నేను ఎటును చెప్పలేక, మాట మార్చుటకు, పెన్నిక్విక్ అనగా కోకిలకొండ అని, అది స్కాట్లండువారి ఇంటిపేరని, నాకు తెలిసినది అందరికిని చెప్పితిని. మా పెద్దవాడు ఎనిమిదేండ్లవాడు, శ్రద్ధగా విని, "మరి మన ఇంటిపేరు ఏమిటి నాయనా? ఇనీషియలే గదా?" అన్నాడు.

అందరును నిశ్శబ్దమైనారు. వాని తప్పేమి? ఈ రాష్ట్రమున పేరునకు ముందు తండ్రి పేరులోని మొదటి అక్షరమే వ్రాయుదురు. బడిలో, రేషను కార్డులో, ఓటరు జాబితాలో, నా రైల్వే సర్వీసు పుస్తకములో ఎక్కడను మా ఇంటిపేరు లేదు. పెండ్లి సంబంధము చూచునపుడు మాత్రము పెద్దలు దానిని బయటికి తీసి, మరల లోపల పెట్టుదురు. విశ్వనాథ నాయకుడు 1529 ప్రాంతమున మధురలో నాయకరాజ్యము స్థాపించి 72 పాళెములు ఏర్పరచిన కాలము మొదలు, ముందును వెనుకను, మన పెద్దలు గుంపులు గుంపులుగా ఈ దక్షిణమునకు వచ్చినారు. బోడినాయకనూరు, ఎరసక్కనాయకనూరు అను మన చుట్టుపట్ల ఊళ్ల పేర్లలో ఆ నాయకులు ఇంకను ఉన్నారు. సామాన్యులు తమ వెంట తెచ్చుకొన్నది నాలుగు గిన్నెలు, ఇంటి దేవత, ఇంటిపేరు. ఇంటిపేరే విడిచిన ఊరికి మిగిలిన ఆనవాలు. దానిని మనము కాగితముమీదనుండి జారవిడిచితిమి. అదే కాగితముమీద ఒక స్కాట్లండు ఊరి ఇంటిపేరును శ్రద్ధగా వ్రాసికొనుచున్నాము. ఆ ముసలాయన చేసినది తప్పు కాదు. మనము చేయక విడిచినదే తప్పు.

మన ఊరికే చూడుడు. చిన్నమనూరునకు పూర్వపు పేరు అరికేసరినల్లూరు. అరికేసరి పాండ్యరాజు. ఆ పేరు నేడు ఊరివారి నోట లేదు. అయినను చిన్నమనూరు రాగిరేకులు దొరికినవి గనుక పాండ్యరాజుల వంశావళియు, మధుర సంఘపు ప్రస్తావనయు, మహాభారతమును అరవము చేసిన మాటయు లోకమునకు తెలిసినవి. రేకుమీద చెక్కిన పేరు వెయ్యేండ్లు నేలలో ఉండియు బ్రతికినది. చెక్కని పేరు రెండు తరములలో పోవును.

ఆనాడు మా ఇంట జరిగినదేమనగా, పిల్లవానికి మా నాయన పేరే పెట్టితిమి. మామగారు కొంచెము చిన్నబుచ్చుకొన్నారుగాని, మరునాడు తామే ఒక పెన్నిక్విక్ దొర పటము తెచ్చి మా నాయన పటము ప్రక్కన తగిలించినారు. అమ్మ ఏమియు అనలేదు. సంక్రాంతినాడు రెండింటికిని ఆమెయే బొట్టు పెట్టినది. నేను ఒక నోటుపుస్తకము తెచ్చి మొదటి పుటలో మా ఇంటిపేరు, పెద్దలు చెప్పగా విన్న పాత ఊరి పేరు, తెలిసినంతవరకు తాతల, అవ్వల పేర్లు తెలుగు అక్షరములలో వ్రాసితిని. అవ్వల పేర్లు రెండు తరములకు పైన అమ్మకు కూడ జ్ఞాపకము రాలేదు. ఇంకొక పదియేండ్లు ఆలస్యము చేసియుండినచో ఆ రెండును మిగులవు. మా పెద్దవాడు తెలుగు అక్షరములు కూడబలుకుకొని ఆ పుట చదివినాడు.

మన సంఘములోని కుటుంబములవారికి నా మనవి ఇదే. ఈ సంచికలో ఎక్కడనైనను ఖాళీ చోటు కనబడినచో, అందులో మీ ఇంటిపేరు, మీ తాతయ్యల, అవ్వల పేర్లు, మీ మడికి నీరు ఎక్కడినుండి వచ్చునో ఆ పేరు మీ పిల్లలచేత వ్రాయింపుడు. పెట్టు పేరు ఏదైనను పెట్టుడు. పిల్లవాడు "నాకు ఈ పేరెందుకు?" అని అడిగినప్పుడు ఆ ముసలి రైతువలె తడుముకొనక సమాధానము చెప్పగలిగినచో, అది మంచి పేరే.

కోయిల పరుల గూటిలో పెరుగును. అయినను కూయునది తన కూతయే. నాలుగైదు వందల యేండ్లుగా అరవదేశపు గూటిలో పెరిగిన మనకు ఆ పక్షిని చూచి నేర్చుకొనదగినది కలదు. ఈ ఉగాదినాడు మామిడితోపులో కోయిల కూసినప్పుడు, దూరాన ఎక్కడో చలిదేశములో దాని చుట్టము పేర ఒక కొండ ఉన్నదనియు, ఆ కొండ పేరు మన వీధిలో ఒక నల్లని బాలుడు మోయుచున్నాడనియు తలచుకొనుడు. అందరికిని నూతన సంవత్సర శుభాకాంక్షలు.